గుగ్గులువు – కుందేలు – మనిషి: ప్రయోగశాల నేర్పిన పాఠము

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ అధికముగా ఉన్నదని తెలిసిన వెంటనే మన ఇండ్లలో సాధారణముగా రెండు ఆలోచనలు పుట్టును. ఒకటి, జీవితాంతము మాత్రలు మ్రింగవలసి వచ్చునేమో అన్న భయము. రెండవది, ఆయుర్వేదములో దీనికి గుగ్గులువు ఉన్నది కదా అన్న ఆశ. ఈ ఆశ నిరాధారమైనది కాదు. దీని వెనుక సుశ్రుతుని కాలము నాటి అనుభవము ఉన్నది. గత శతాబ్దములో మన దేశములో జరిగిన జీవరసాయన పరిశోధన కూడ ఉన్నది. అయితే ఆ పరిశోధన కథను చాలమంది సగము వరకే చెప్పుచున్నారు. మిగిలిన సగము మనకు అంత రుచించదు. రోగి మేలు కోరు వైద్యుడు రుచించని దానిని కూడ చెప్పవలెను. చేదుగా ఉన్నదని కషాయమును పారబోయము కదా!

శాస్త్రము చెప్పినదేమి?

గుగ్గులువు ఒక ముండ్ల పొద వంటి చిన్న వృక్షము నుండి స్రవించు నిర్యాసము, అనగా బంక. ఈ వృక్షము రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలోను, పాకిస్తాన్‌లోని సింధు ప్రాంతములోను గల మెట్ట నేలలలో పెరుగును. మన వైద్యులు, మూలికల అంగళ్లవారు దీనిని మహిసాక్షి అని పిలుతురు. మహిషాక్ష గుగ్గులువు అన్న సంస్కృత నామమే ఇట్లు తెలుగైనది. పూజలలో సాంబ్రాణితో పాటు నిప్పులపై వేయు గుగ్గిలము పేరుతో అంగడిలో దొరకునది చాలసార్లు వేరు వృక్షముల బంక. ధూపమునకు కొన్న గుగ్గిలమును ఔషధముగా లోనికి సేవింపరాదు.

సుశ్రుత సంహిత సూత్రస్థానము 15వ అధ్యాయములో స్థౌల్యము, మేదోవృద్ధి వర్ణింపబడినవి. మేదస్సు పెరిగి స్రోతస్సులను, అనగా శరీరములోని మార్గములను అడ్డగించునని అచ్చట ఉన్నది. దానికి చెప్పిన చికిత్సలో శిలాజతువు, గుగ్గులువు, గోమూత్రము, త్రిఫల, తేనె, యవలు, పెసలు మొదలగునవి కలవు. భావప్రకాశకారుడు గుగ్గులువును ఐదు విధములుగా విభజించి, క్రొత్త గుగ్గులువు శరీరమును పుష్టిపరచుననియు, పాతది కొవ్వును గీకి తీయు లేఖన గుణము కలదనియు చెప్పినాడు. ఒకే ద్రవ్యము వయస్సును బట్టి వ్యతిరేక గుణములు చూపునన్న ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీని అవసరము ముందు వచ్చును.

కాశీలో కుందేళ్లు

1960ల దశకములో కాశీ హిందూ విశ్వవిద్యాలయములో డాక్టర్ జి.వి. సత్యవతిగారు సుశ్రుతుని ఈ అధ్యాయమును చేతబట్టుకొని ప్రయోగశాలలో ప్రవేశించినారు. మేదస్సు స్రోతస్సులను అడ్డగించుట అన్న వర్ణనకును, రక్తనాళముల గోడలలో కొవ్వు పేరుకొనుట అన్న ఆధునిక వర్ణనకును పోలిక ఉన్నట్లు వారికి తోచినది. పోలిక తోచుట సులభము. దానిని పరీక్షకు పెట్టుటలోనే శాస్త్రజ్ఞుని గొప్పతనము ఉన్నది. వారు కుందేళ్లకు ఆహారములో కొలెస్ట్రాల్ కలిపి పెట్టి, గుగ్గులువు ఇచ్చిన వాటిని ఇవ్వని వాటితో పోల్చి చూచినారు. గుగ్గులువు సేవించిన కుందేళ్ల రక్తములో కొలెస్ట్రాల్ తగ్గినది. వాటి రక్తనాళములకు కొంత రక్షణ కలిగినది. ఈ పరిశోధన 1966లో వారి సిద్ధాంత గ్రంథముగా వెలువడినది. సత్యవతిగారు తరువాతి కాలములో భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్ పదవిని కూడ అలంకరించినారు.

కుందేలునే ఎందుకు ఎంచుకొన్నారని పాఠకులు అడుగవచ్చును. 1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరములో అనిచ్‌కోవ్, చలతోవ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్లకు ప్రొద్దుతిరుగుడు నూనెలో కొలెస్ట్రాల్ కలిపి పెట్టి, వాటి రక్తనాళములలో మనుష్యులలో కనబడు వ్యాధి వంటిదే కలుగుట చూచినారు. నాటి నుండి ఈ వ్యాధి పరిశోధనకు కుందేలు ముఖ్యమైన జంతువైనది. కుందేలు గడ్డి తిను ప్రాణి. దాని సహజాహారములో కొలెస్ట్రాల్ ఉండదు. అలవాటు లేని పదార్థము లోనికి పోగానే దాని రక్తములో అది త్వరగా పేరుకొనును. ప్రయోగమునకు ఇది సౌకర్యము. ఫలితమును మనిషికి అన్వయించునపుడు మాత్రము ఇదే చిక్కు.

బంక నుండి అణువు వరకు

తరువాతి అడుగు రసాయన శాస్త్రజ్ఞులది. బంకలో అనేక పదార్థములు కలసి ఉండును. వాటిలో పని చేయునది ఏదో తెలియవలెను. 1972లో సుఖదేవ్ గారి బృందము గుగ్గులువు నుండి స్టెరాయిడ్ జాతికి చెందిన పదార్థములను వేరు చేసి ప్రకటించినది. వాటిలో ముఖ్యమైనవి గుగ్గుల్‌స్టెరాన్ అను పేరు గల జంట పదార్థములు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ గుగ్గులువు నుండి ఒక సారమును తయారుచేసి, మనుష్యులలో పరీక్షించినది. గుగ్గులిపిడ్ అను ఆ సారము 1980ల దశకములో మన దేశములో ఔషధముగా విపణిలోనికి వచ్చినది. 1994లో ప్రకటితమైన మరియొక భారతీయ పరిశీలనలో 61 మంది రోగులు పాల్గొన్నారు. అందరికీ పండ్లు, కూరగాయలతో కూడిన పథ్యము చెప్పి, కొందరికి గుగ్గులిపిడ్, మరికొందరికి ఔషధ గుణము లేని పోలిక మాత్ర ఇచ్చినారు. 24 వారముల తరువాత గుగ్గులిపిడ్ వారిలో చెడ్డ కొలెస్ట్రాల్ అని మనము పిలుచు ఎల్.డి.ఎల్. 12.5 శాతము తగ్గినది.

ఇక 2002లో అమెరికాలోని హ్యూస్టన్ నగర శాస్త్రజ్ఞులు ఈ అణువు కాలేయములో ఎట్లు పని చేయునో వెదకినారు. కాలేయము కొలెస్ట్రాల్‌ను పిత్తామ్లములుగా మార్చి ప్రేగులలోనికి పంపును. శరీరము అదనపు కొలెస్ట్రాల్‌ను వదిలించుకొను ప్రధాన మార్గము ఇదియే. పిత్తామ్లములు అధికమైనపుడు 'ఇక చాలు' అని ఆ మార్పును ఆపు కావలివాడు వంటి ప్రోటీను ఒకటి కాలేయ కణములలో ఉన్నది. దానికి ఎఫ్.ఎక్స్.ఆర్. అని పేరు. గుగ్గుల్‌స్టెరాన్ ఈ కావలివానిని నిరోధించునని వారు కనుగొన్నారు. అంతటితో ఆగలేదు. ఈ ప్రోటీను పుట్టుకతోనే లేని ఎలుకలను తీసుకొని అదే ప్రయోగము చేసినారు. మామూలు ఎలుకలలో గుగ్గుల్‌స్టెరాన్ కాలేయపు కొలెస్ట్రాల్‌ను తగ్గించినది. కావలివాడు లేని ఎలుకలలో తగ్గించలేదు. అనగా మందు పని చేయు ద్వారము అదియే అని తేలినది. మన తర్కశాస్త్రములో అన్వయ వ్యతిరేకములు అన్నది ఇదియే. కారణము ఉన్నచోట కార్యము ఉండుట, లేనిచోట లేకుండుట.

ఇంతవరకు వచ్చిన కథ మన వైద్యులందరికీ గర్వకారణము. పత్రికలలోను, మందుల సీసాల మీదను సాధారణముగా కనబడునది ఇంతవరకే.

ఫిలడెల్ఫియా ఫలితము

ఆ మరుసటి సంవత్సరము, అనగా 2003లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో జరిగిన పరీక్ష ఫలితములు వెలువడినవి. కొలెస్ట్రాల్ అధికముగా ఉన్న 103 మందిని మూడు వర్గములు చేసినారు. ఒక వర్గమునకు గుగ్గులిపిడ్ 1,000 మి.గ్రా. చొప్పున రోజుకు మూడు సార్లు. రెండవ వర్గమునకు 2,000 మి.గ్రా. చొప్పున మూడు సార్లు. మూడవ వర్గమునకు పోలిక మాత్ర. ఎవరికి ఏది అందుచున్నదో రోగులకును తెలియదు, పరీక్షించువారికిని తెలియదు. ఎనిమిది వారముల తరువాత చూడగా, పోలిక మాత్ర తీసుకొన్నవారిలో ఎల్.డి.ఎల్. 5 శాతము తగ్గినది. గుగ్గులిపిడ్ తీసుకొన్నవారిలో అది తగ్గుటకు బదులు తక్కువ మాత్ర వారిలో 4 శాతము, ఎక్కువ మాత్ర వారిలో 5 శాతము పెరిగినది. పైగా గుగ్గులిపిడ్ వారిలో ఆరుగురికి చర్మముపై దద్దురు లేచినది. పోలిక మాత్ర వారిలో ఒక్కరికీ లేవలేదు.

2009లో నార్వేలో 43 మందిపై 12 వారములు జరిగిన పరీక్షలో మొత్తము కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గినది. కాని ఎల్.డి.ఎల్.లో చెప్పుకోదగిన మార్పు లేదు. మంచిదనబడు హెచ్.డి.ఎల్. కూడ తగ్గినది.

ఎలుక, కోడి, కుందేలు

ప్రయోగశాలలో అంత స్పష్టముగా కనబడినది మనిషిలో ఎందుకు తారుమారైనది? దీనికి సరిపోలు మరియొక కథ జపాను దేశములో ఉన్నది. టోక్యోలో అకిరా ఎండో అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు సుమారు 6,000 సూక్ష్మజీవులను వడపోసి, 1973లో ఒక బూజు నుండి కాంపాక్టిన్ అను పదార్థమును కనుగొన్నాడు. అది కొలెస్ట్రాల్ తయారీలో ముఖ్యమైన ఎంజైమును ఆపును. గాజు నాళికలో అద్భుతముగా పని చేసినది. ఎలుకలకు ఇచ్చి చూడగా వాటి రక్తములో కొలెస్ట్రాల్ తగ్గలేదు! ఎలుక కాలేయము ఆ ఎంజైమునే మరింత అధికముగా తయారుచేసుకొని మందును ఓడించినది. ఎండో నిరాశపడక గ్రుడ్లు పెట్టు కోళ్లకు ఇచ్చి చూచినాడు, తగ్గినది. తరువాత కుక్కలలోను తగ్గినది. నేడు హృద్రోగులు వాడుచున్న స్టాటిన్ మందుల పరిశోధనకు ఆ బూజే నాంది. ఆ వర్గములో మొదటిదగు లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించినది.

ఎలుకను మాత్రమే నమ్మి ఉన్నచో స్టాటిన్ పుట్టెడిది కాదు. కుందేలును మాత్రమే నమ్మినచో గుగ్గులువును గూర్చి మనము పొరపడుదుము. జంతువు ప్రశ్నను సరిగా అడుగుట నేర్పును; తుది జవాబు మనిషి శరీరమే చెప్పవలెను. అందుకే మనుష్యులలో పోలిక మాత్రతో చేయు పరీక్షకు అంత విలువ.

మేదస్సు, కొలెస్ట్రాల్ ఒకటియేనా?

ఇచ్చట మన వైపు నుండి విచారింపవలసినది ఒకటి ఉన్నది. ప్రాచీనులు గుగ్గులువును మేదోరోగమునకును, వాతవ్యాధులకును, వ్రణములకును చెప్పినారు. రక్తములోని ఒక పదార్థపు పరిమాణమును అది తగ్గించునని ఎచ్చటను చెప్పలేదు. వారికి ఆ కొలత తెలియదు. మేదోధాతువు అనగా శరీరములోని స్నేహ భాగము, దాని పోషణ, దాని వలన కలుగు లక్షణములు అన్నీ కలసిన భావన. కొలెస్ట్రాల్ ఒక అణువు. ఈ రెండింటి నడుమ సమానము అన్న గుర్తు పెట్టినది మన తరము వైద్యులే. ఫిలడెల్ఫియాలో ఓడినది సుశ్రుతుడు కాదు, మనము చేసిన అనువాదము అని చెప్పవచ్చును. అయితే ఈ మాట చెప్పి తప్పించుకొనుటకు వీలు లేదు. కొలెస్ట్రాల్ తగ్గించునని చెప్పి అమ్మిన మందును కొలెస్ట్రాల్‌తోనే కొలువవలెను.

కొందరు మిత్రులు ఇట్లు వాదింతురు: అమెరికాలో వాడినది శోధన చేయని సారము, త్రిఫలా కషాయములో శుద్ధి చేసి, నేతితో దంచిన మన గుగ్గులువు వేరు. క్రొత్తదానికి, పాతదానికి గుణభేదము శాస్త్రమే చెప్పినది. రోగి ప్రకృతి, ఆహారము విచారింపలేదు. ఈ మాటలు కొట్టివేయదగినవి కావు. గురుకులములో మా గురువుగారు గుగ్గులువును గుడ్డలో మూటకట్టి దోలాయంత్రములో త్రిఫలా కషాయమున ఉడికించి, వడగట్టి, ఆరబెట్టి, నేతితో దంచిన తరువాతనే ఔషధములో చేర్చెడివారు. శోధన వలన ద్రవ్యములో మార్పు కలుగుట సహజము. కాని ఆ మార్పు కొలెస్ట్రాల్‌ను తగ్గించునని చెప్పుటకు మరల పరీక్ష కావలెను. పరీక్ష జరుగనంత వరకు అది వాదము మాత్రమే. రోగి ప్రాణమును వాదము మీద నిలుపరాదు. చరకుడు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి అని నాలుగు విధములైన పరీక్షలు చెప్పినాడు. ఆప్తోపదేశము ఒక్కటి చాలునని ఉన్నచో మిగిలిన మూడింటిని చెప్పనేల?

ఇది పండిత చర్చ మాత్రము కాదు. గుండె రక్తనాళములో స్టెంటు వేయించుకొన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నా వద్దకు వచ్చి, "వైద్యులుగారూ, రెండు నెలలుగా ఆ మాత్రలు మానివేసి గుగ్గులు బిళ్లలే వాడుచున్నాను, ప్రాణము హాయిగా ఉన్నది" అన్నారు. "మాస్టారూ, హాయి సంగతి అటుంచండి, రక్తము సంగతి చూడండి" అని పరీక్షకు పంపితిని. ఎల్.డి.ఎల్. పూర్వము కంటె చాల పెరిగి ఉన్నది. కొలెస్ట్రాల్ నొప్పి పెట్టదు, జ్వరము తెప్పించదు. అందుచేత రోగి అనుభవము ఇచ్చట ప్రమాణము కాజాలదు. వారిని ఆనాడే వారి హృద్రోగ నిపుణుని వద్దకు తిరిగి పంపితిని. వారి మోకాళ్ల నొప్పులకు మాత్రము నా పైపూత తైలమును ఇచ్చితిని.

అదే పట్టికలోని యవలు

సుశ్రుతుడు చెప్పిన పట్టికలో గుగ్గులువు ప్రక్కనే యవలు ఉన్నవని పైన వ్రాసితిని. యవలనగా బార్లీ. దీనిలో బీటా గ్లూకాన్ అను కరుగు పీచు ఉన్నది. ఇది ప్రేగులలో జిగురువలె మారి పిత్తామ్లములను పట్టుకొని మలముతో బయటకు పంపును. లోటును పూరించుటకు కాలేయము రక్తములోని కొలెస్ట్రాల్‌ను తీసుకొని క్రొత్త పిత్తామ్లములు చేయును. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందినచో ఎల్.డి.ఎల్. కొంత తగ్గునని మనుష్యులలో చేసిన పరీక్షలు చెప్పుచున్నవి. అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ సంస్థ 2006లో బార్లీకి ఈ గుణమును ప్రకటించుకొనుటకు తుది అంగీకారము ఇచ్చినది. గుగ్గులువు తెరచునని ఆశించిన పిత్తామ్లముల మార్గమునే ఈ సామాన్య ధాన్యము మరియొక ప్రక్క నుండి తెరచుచున్నది. ఈ తగ్గుదల స్వల్పమే. మందుతో సమానము కాదు. అయినను గుగ్గులువును కొలిచిన కొలబద్దతోనే కొలిచి నిలిచినది కనుక దీనిని ధైర్యముగా చెప్పగలము.

పాఠకులు గమనించవలసినవి

1. గుండెపోటు, పక్షవాతము వచ్చినవారు, స్టెంటు వేయించుకొన్నవారు, మధుమేహము ఉన్నవారు డాక్టరుగారు వ్రాసిన కొలెస్ట్రాల్ మందును మాని గుగ్గులువును ఆశ్రయింపరాదు.

2. కీళ్ల వాతము మొదలగు వాటికి వైద్యుని సలహాపై గుగ్గులు యోగములు వాడువారు, తాము వాడు ఇతర మందుల పట్టికను వైద్యునికి చూపవలెను. రక్తపోటుకు, గుండెకు వాడు ప్రొప్రనలాల్, డిల్టియాజెమ్ అను మందులు గుగ్గులిపిడ్‌తో కలిసినపుడు రక్తములోనికి తక్కువగా చేరుచున్నట్లు 1994లోనే వెల్లడియైనది. ఆ మందులు మీకు చాలినంత పని చేయకపోవచ్చును.

3. గర్భిణులు గుగ్గులువు వాడరాదు. థైరాయిడ్ వ్యాధి, కాలేయ వ్యాధి ఉన్నవారు స్వయముగా వాడరాదు. దద్దురు, విరేచనములు, కడుపునొప్పి కనబడినచో వెంటనే మానవలెను.

4. బార్లీని ఉడికించి, నీటిని మాత్రము వడగట్టి త్రాగినచో పీచు చాలవరకు పిప్పితో పోవును. గింజలతో సహా అన్నమువలె గాని, జావవలె గాని తినవలెను. రోజుకు 60 నుండి 75 గ్రాముల బార్లీ చాలును. మధుమేహము ఉన్నవారు అన్నమును ఆ మేరకు తగ్గించవలెను. గోధుమలు సరిపడనివారు బార్లీని కూడ విడువవలెను.

5. ఏ చికిత్స ప్రారంభించినను, ముందొకసారి, రెండు నెలల తరువాత మరియొకసారి రక్తపరీక్ష చేయించుకొనవలెను. అంకెలు రెండింటిని ఒకే కాగితముపై వ్రాసి ఉంచుకొనవలెను.

చివరగా మరియొక మాట. గుగ్గులు వృక్షము నేడు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘము వారి జాబితాలో నశించిపోవు తీవ్ర ప్రమాదములో ఉన్న వృక్షముగా చేరినది. అధికముగా బంక తీయుటకు లోతైన గాట్లు పెట్టుట వలన చెట్లు ఎండిపోవుచున్నవి. పని చేయదని తేలిన ప్రయోజనమునకై ఆ బంకను మ్రింగినచో, పని చేయు చోట రేపటి వైద్యునికి అది దొరకదు. కనుక ఈ మాసము మీ వంటింటిలో గుగ్గులు సీసాకు బదులు ఒక బార్లీ డబ్బాకు చోటు కల్పింపుడు. డాక్టరుగారి మాత్రను దాని యథాస్థానములోనే ఉండనిండు.